ఖనిల మంచి బువ్వ ఏడ దొరుకుతది

ఆగస్టు 9, 1988

డాక్టరమ్మ ఇయ్యాల తేల్చి చెప్పింది. మా ఇంటామె కనకవ్వ గర్భసంచి తీసెయ్యాలె. అది తీస్తేగాని రక్తం పోవుడు ఆగదు. కాని పెయ్యిల రక్తమే లేదట. గిట్ల ఉన్న మనిషిని బల్ల మీద పండవెడితే పానం నిలుస్తదని చెప్పలేనన్నది. సీసాలు ఎక్కిస్తం గాని, అవి నిలవాలంటే కడుపుల తిండి పడాలె, కార్జం తినవెట్టు, ఆకుకూర తినవెట్టు, రక్తం పెరిగినంక తీసుకరా అన్నది. ఎక్కువ రోజులు ఆగే యవ్వారం కాదని కూడ అన్నది. కనకవ్వ ముందట కాదు, నన్ను బయటికి పిలిచి అన్నది.

నేనైతే నిమ్మలపడ్డ. ఇంత భయపెట్టి ఆఖరికి అడిగింది తిండేనా? గోదావరిఖనిల తిండి సంగతి ఎవల్ని అడుగుతరు? నన్నే. బొగ్గు బాయిల నా పేరే హోటల్ సదయ్య. చుట్టాలొస్తే ఏడికి తీస్కపోవాలె, జీతం రోజు ఏం తినాలె, ఏ హోటల్ల నూనె మంచిది, ఎవని చాయ్‌ల నీళ్లెక్కువ, అన్ని నేనే చెప్పాలె. షిఫ్టు దిగి తానం చేసినంక నేను చౌరస్తాల తిరుగని రోజు లేదు. తట్ట, చెమ్మస్ పార పట్టుకొని బొగ్గు నింపెటోనికి నాలుక మీద గింత షోకు ఎందుకని రాయమల్లన్న తిడుతడు. రాయమల్లన్న మా గ్యాంగుల పెద్దాయన, తిట్టుడు ఆయన పని.

మా ఇంటామె మాత్రం లగ్గమైనకాడి నుంచి ఒక్క హోటలు గడప తొక్కలేదు. ఎన్నిసార్లు రమ్మన్నా, నాకు ఇంట్ల మంచిగనే దొరుకుతది పో అంటది.

లీవు వెట్టిన. మాకు పిల్లలు లేరు, ఉన్నది ఇద్దరం. ఈ డైరీ జనవరిల యూనియనోళ్లు ఇచ్చింది, ఇన్నొద్దులు తెల్లగనే ఉన్నది. ఎవలకు చెప్పుకోవాల్నో తెల్వక ఇందుల రాస్తున్న.

ఆగస్టు 10

ముందుగాల బద్రుద్దీన్ భాయ్ హోటలుకే పోయిన. చౌరస్తాల బస్సులు ఆగే దిక్కు ఉంటది. కార్జం వేపుడు కట్టుమన్న. ఎవలకని అడిగిండు, చెప్పిన. వంటాయన్ని పక్కకు జరుగుమని తనే పొయ్యి ముందట నిలవడ్డడు. కారం తగ్గించి మిరియాలు దంచి ఏసిండు. ఆకుల కట్టి ఇచ్చుకుంట, తిన్నంక ఎట్లుందో చెప్పు, అక్క నోటికి ఏది సయిస్తే గదే చేస్త అన్నడు. ఆయన కనకవ్వను ఎన్నడు చూడలేదు. అయినా అక్క అన్నడు. పెద్ద మనసు.

రెండు బుక్కలు తిన్నది. మొదటి రోజుకు మంచిగనే తిన్నది.

ఆగస్టు 11

రెండు కాదు, ఒక్కటే. రెండోది నేను అటు తిరుగంగనే ఉమ్మేసింది. మిగిలిందంత పక్క క్వార్టరు మల్లక్కకు ఇచ్చిన. మల్లక్క ఇంటిల్లిపాది తిని, ఎంత మంచిగుందో అని నాకే చెప్పవట్టె.

ఆగస్టు 12

ఉడిపి హోటలు ఇడ్లి. అది చంటిపిల్లలు సుత తింటరు. మెత్తగ, ఏ వాసన లేకుండ. కనకవ్వ దాన్ని వేలుతోటి ఒత్తి చూసి, దూది లెక్కున్నది అన్నది. చట్నీ నాకింది. నాకుడు సుత తినుడే.

ఆగస్టు 13

తిన్నది.

ఆగస్టు 14

నిన్న తినలేదు. ఊకెనే రాసుకున్న. పూరి తెచ్చిన, కూర తెచ్చిన, రెండు అట్లనే ఉన్నయి.

ఆగస్టు 16

లక్ష్మీనగర్‌ల మెస్సు నడిపే పెద్దమ్మ ఉన్నది, కోస్తా దిక్కు నుంచి వచ్చిన మనిషి. సంగతి చెప్తె తోటకూర పప్పు చేసి, మీద నెయ్యి పోసి, గిన్నె మీద గిన్నె పెట్టి ఇచ్చింది. గిన్నెలు మల్ల తెచ్చిస్త అంటే, ఆమెకు నయమైనంక ఆమెనే తీసుకురమ్మను బాబూ అన్నది. నా కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఈ ఊరోళ్లు మంచోళ్లు. ఏ ఊరి నుంచో పొట్ట చేతవట్టుకొని వచ్చినోల్లమే అందరం, అందుకేనేమో ఒకల కడుపు సంగతి ఒకలకు తెలుసు.

కనకవ్వ పప్పు వాసన చూసింది. మంచిగ చేసిందని మెచ్చుకున్నది. మెచ్చుకొని పక్కకు పెట్టింది.

ఆగస్టు 18

ఇయ్యాల కోపానికొచ్చిన. మేక కాళ్ల పాయ తెచ్చిన, తాగలేదు. గుడ్డు, వద్దన్నది. పండు కోసిస్తే మల్లక్క బిడ్డకు ఇచ్చింది. ఏం కావాలె మరి, చెప్పు, హైదరాబాదులున్నా తెస్త అన్న. ఏం కావాల్నో నాకే సమజైతలేదయ్యా అన్నది. మల్ల డ్యూటీకి ఎప్పుడు పోతవు అని అడిగింది. రోజు గిదే ముచ్చట. పొద్దుగాల లేవంగనే డ్యూటీ లేదా, పగటీలి డ్యూటీ లేదా. నీ కోసం ఇంట్ల కూసుంటే నన్ను ఎల్లగొట్టుడేంది అని గట్టిగ ఒర్రిన. గోడ దిక్కు తిరిగి పండుకున్నది.

ఆమె మెడ ఎముకలు కనవడుతున్నయి. ఆకలి రుచెరుగదంటరు. ఈమెకు ఆకలి ఏడ పోయిందో.

ఆగస్టు 20

ఏం తినలేదు.

ఆగస్టు 23

పీర్ల పండుగ. డప్పుల సప్పుడుకు కనకవ్వ లేశి గడపల కూసున్నది. మొఖం జర మంచిగనిపించింది. ఇదే మోక అనుకొని, నడువు, హోటలుకు పోదాం, ఇంట్ల కూసుంటే నోరు చచ్చిపోతదన్న. ఏమనుకున్నదో, సరే అన్నది. మల్లక్క జడ వేసింది. రిక్షాల తీసుకపోయిన.

బద్రుద్దీన్ భాయ్ గల్లా మీదికెల్లి ఉరికొచ్చిండు. పరదా ఉన్న గదిల కూసుండవెట్టి, బల్ల రెండుసార్లు తుడిపించి, షర్బతు, పీర్లకు చేసే తీపి మలీద ముందుగాల పంపిండు. తర్వాత కార్జం, తర్వాత కీమ, తర్వాత మెత్తటి రొట్టె. తనే తెచ్చి తనే పెట్టిండు. నేను పక్కన కూసొని ఏది ఎట్ల తినాల్నో చెప్పవట్టిన. లగ్గమైన పద్దెనిమిదేండ్లకు నా పెండ్లాం నా హోటల్ల కూసున్నది. నాకు సంబురమైంది, ఎందుకు అబద్ధం.

కనకవ్వ పరదా పక్కకు జరిపి బయటికి చూసింది. బల్లల మీద షిఫ్టు దిగినోల్లు తింటున్నరు.

"గింతమంది ఉండి, ఎవలకు వాళ్లే తింటున్నరేంది?" అన్నది.

హోటలంటే గంతేనే అన్న. తల ఊపింది. మలీద చిటికెడు నోట్లె ఏసుకున్నది, పండుగది కాబట్టి. మిగిలినవి ముట్టలేదు. లేవంగనే కండ్లు తిరిగి నా మీద పడ్డది. బద్రుద్దీన్ భాయ్, నేను ఇద్దరం పట్టుకొని రిక్షా ఎక్కించినం. నాకు సిగ్గైంది, ఆయన అన్ని చేసిండు గదా. ఆయన మాత్రం, సదయ్యన్నా, ఫికర్ చెయ్యకు, దేనికో ఒకదానికి నోరు తెరుస్తది, అది దొరికేదాక నేను వండుకుంటనే ఉంట అన్నడు.

ఆగస్టు 25

దవాఖాన. రక్తం ఇంకింత తగ్గింది. డాక్టరమ్మ సీసా ఎక్కించి పంపింది.

నాకు భయమైతున్నది. ఎవలకు చెప్పను, ఇందుల రాస్తున్న. కనకవ్వ పోతదని భయమైతున్నది. ఊరంత తిండి ఉన్నది, నా పెండ్లాం తిండి లేక పోతదా?

ఆగస్టు 26

అన్వర్ వచ్చిండు. మా గ్యాంగుల పిలగాడు, బాయిల నా పక్కపొంటి బొగ్గు నింపుతడు. వాళ్లమ్మ మెహరాజ్ బేగం పంపిందట. సదయ్య డ్యూటీకి వస్తలేడా, వాళ్లింట్ల ఎవలికన్న పానం బాగలేదా అని రోజు అడుగుతున్నదట. నేను రాలేదని ఆమెకు ఎట్ల తెలిసిందిరా, నువ్వు చెప్పినవా అంటే, లేదన్నా, నేనేం చెప్పలే, ఆమెనే అడిగింది అన్నడు. ఆమెను నేను చూడలేదు, ఆమె మమ్ముల చూడలేదు. అన్వర్ ఇల్లు ఎయిట్ ఇంక్లయిన్ బాయి దిక్కు, మేము ఈ కొస. ఏమో, పెద్దమనిషి, మంచిమనిషి అనుకున్న. కనకవ్వ లోపల పండుకొని అన్వర్ గొంతు విన్నది. ఎవలు, ఖట్టా పిలగాడా అన్నది. నీరసంల ఏదో అంటున్నదనుకున్న.

ఆగస్టు 28

లీవు అయిపోయింది. ఇంక నాగా చేస్తే ఊకోరు. రేపు ఫస్టు షిఫ్టు. ఈమెను ఇడిచిపెట్టి ఎట్ల పోవాలె? మల్లక్క ఉంట అన్నది.

ఆగస్టు 29

ఇయ్యాలటిది నిదానంగ రాస్తా.

పొద్దుగాల నేను లేశేటాలకే పొయ్యి మీద పప్పుచారు మరుగుతున్నది. కనకవ్వ పీట మీద కూసొని, గోడకు ఒరిగి, మల్లక్కకు చెప్పుకుంట చేయిస్తున్నది. చింతపండు ఇంక పిసుకు, ఉప్పు గంతే. ఎవలడిగిండ్రే నిన్ను, పోయి పండుకో అని నేను తిట్టిన. ఇనలేదు. ఎప్పటి లెక్కనే సద్దిగిన్నె నిండ బువ్వ కుక్కింది. రెండు ఎడ్లకు పెట్టినట్టు పెడుతవెందుకే అని రోజు అంటుంటి. ఇయ్యాల నోరు రాలేదు. గిన్నె పట్టుకొని ఏడ్సుకుంట పోయిన, దారిల ఎవలన్న చూస్తరని తువ్వాల మొఖం మీద ఏసుకున్న.

బాయిల సద్ది తినుడు ఎట్లుంటదో ఎన్నడు రాసుకోలేదు. రాసుకునేది ఏమున్నది, రోజు ఉండేదే. నెత్తి మీది కప్పు గట్టిగ ఉన్న జాగ చూసి ఆరుగురం గుండ్రంగ కూసుంటం. గిన్నెలు నడుమ పెడుతం. ఎవని కూర వాడే తినుడు అనేది లేదు. మూతలల్ల ఒకలది ఒకలకు పోసుకుంటం, రాయమల్లన్న పుంటికూర నా గిన్నెల పడుతది, నా పప్పుచారు అన్వర్ గిన్నెల పడుతది, అన్వర్ వాళ్లమ్మ చేసిన పుల్లటి ఖట్టా అందరి మీద పడుతది. గట్టయ్యకు పెండ్లి కాలేదు, తనే వండుకుంటడు, రోజు మాడుస్తడు, అయినా వానిది సుత తినాలె. ఒక్కడే పక్కకు పోయి తింటే వాన్ని ఏదో రోగమొచ్చిందా అని అడుగుతరు. తిన్నంక అందరి గిన్నెలల్ల ఇంత మిగులుతది, కలగలిసి. ఇంటికి తెచ్చి పీట మీద పెట్టి నేను తానానికి పోత, అటెన్క చౌరస్తాకు పోత. గిన్నె సంగతి నాకు తెల్వది. పారబోసి కడుగుతదనుకున్న.

ఇయ్యాల చౌరస్తాకు పోలేదు. తానం చేసి తడి తువ్వాలతోటే లోపలికొచ్చిన. కనకవ్వ గిన్నె ఒళ్లె పెట్టుకొని తింటున్నది.

తింటున్నది. వేళ్లు నాకుతున్నది. నేను గడపల్నే నిలవడ్డ, సప్పుడు చేస్తే ఆగుతదేమోనని.

తలెత్తకుండనే మాట్లాడవట్టింది. రాయమల్లన్న పెండ్లాం సారక్క పుట్టింటికెల్లి వచ్చినట్టుంది, పుంటికూర మల్ల దారికొచ్చింది. అన్వర్ వాళ్లమ్మకు చెయ్యి నొస్తున్నదేమో, అల్లం దంచలే, ముక్కలు తగులుతున్నయి. గట్టయ్యకు ఇంక పెండ్లి చెయ్యరా, మల్ల మాడిచ్చిండు.

నీకెట్ల తెలుసే ఇవన్ని అన్న. రోజు తినేదాన్ని నాకు తెల్వదా అన్నది. నువ్వు తినుడేంది, నీకు వేరే వండుకోవా అన్న. అప్పుడు నా దిక్కు చూసింది.

"నేనొక్కదాన్నే వండుకొని నేనొక్కదాన్నే తినుడైతదా? నువ్వు గిన్నె తెస్తే ఆరిండ్లోల్లు వచ్చి నా తోటి కూసున్నట్టుంటది."

మరి ఎన్నడు చెప్పలేదేందే అన్న. నువ్వు అడిగినవా అన్నది. మంచి బువ్వ ఏడ దొరుకుతదని ఊరంత నిన్ను అడుగుతది, నువ్వు నన్ను ఎన్నడడిగినవ్ అన్నది. అని నవ్వింది. ఇన్నొద్దులకు నవ్వింది.

ఆమె నోరు తెరిపిద్దామని లీవు పెట్టి ఇంట్ల కూసున్న. నేను ఇంట్ల కూసున్నందుకే గిన్నె రాలేదు. ఏం మొగోన్ని నేను!

ఆగస్టు 30

సద్దికాడ గ్యాంగుకు చెప్పిన. చెప్పొద్దనుకున్న గాని ఆగలేదు. గట్టయ్య, నేను మాడిచ్చిన సంగతి సుత చెప్పిందా అన్నడు. చెప్పింది అన్న. వాడు సిగ్గువడ్డడు. రాయమల్లన్న మాత్రం నన్ను తిట్టిండు, ఈ ముచ్చట ముందుగాల చెప్పెటోనికి ఏం పుట్టింది, ఇంటికి గిన్నెలు పంపకపోతుమా అని. కోపంల ఆయన కండ్లు తడిసినయి, బత్తి వెలుగుల మెరిసినయి. చూసి చూడనట్టు గిన్నెలు సర్దుకున్నం.

ఆగస్టు 31

అందరు వేరుగ గిన్నెలు తెచ్చిండ్రు. సారక్క గుడ్లు, మెహరాజ్ బేగం కార్జం, ఒక్కొక్కటి గుడ్డల కట్టి, ఇది అక్కకు, ఇది వదినెకు అని. నేను మోయలేక మోసుకొచ్చిన. పెండ్లికి పొయ్యొచ్చినట్టున్నదని దారిల నవ్విండ్రు.

కనకవ్వ ఒక్కోటి మూత తీసి చూసి పక్కకు పెట్టింది.

ఇది రోగిష్టిదానికి వండిన బువ్వ అన్నది. గొంతు దిగదయ్యా, నేను చచ్చిపోతున్న అన్నట్టే ఉంటది. నాకు మీరు తినే బువ్వ తీసుకరా.

అప్పుడు సమజైంది, హోటళ్లు ఎందుకు ఓడిపోయినయో.

సెప్టెంబర్ 1

రాయమల్లన్న ఉపాయం చెప్పిండు. ఉపాయం కాదు, హుకుం. రేపటి సంది ఆరుగురం రోజు కార్జం, తోటకూర, గుడ్లే తెచ్చుకోవాలె. మనమే తినాలె. కూసొని, కలుపుకొని, కడుపునిండ. మిగిలింది సదయ్య గిన్నెల పడాలె. గట్టయ్యకు కార్జం వాసనంటేనే పడది. నేనేం పాపం చేసిన అని మొత్తుకున్నడు. నోరు మూసుకొని తినురా అన్నడు రాయమల్లన్న.

సెప్టెంబర్ 5

తిన్నది. అబద్ధం కాదు.

సెప్టెంబర్ 8

ఆరుగురం బాలింతల తిండి తింటున్నం. పక్క గ్యాంగోల్లు నవ్వుతున్నరు. నవ్వనీ. బొగ్గు మాత్రం వాళ్ల కన్న మేమే జల్ది నింపుతున్నం.

ఇంకో సంగతి. గట్టయ్యకు కార్జం వండరాదు, వండినా మాడుతది. అది బద్రుద్దీన్ భాయ్ చెవుల పడ్డది. రోజు పొద్దుగాల గట్టయ్య చాయ్ తాగేటప్పుడు, వాని గిన్నె గుంజుకొని నింపి ఇస్తున్నడు. ఇయ్యాల కనకవ్వ తినుకుంట ఆగింది. మల్లొక బుక్క తిన్నది. గట్టయ్యకు లగ్గమైందా, పిల్ల మంచి వంటకత్తె అన్నది. కడుపు పట్టుకొని నవ్విన. చెప్తె బద్రుద్దీన్ భాయ్, ఇన్నొద్దులకు అక్క నా కూర తిన్నది, గట్టయ్య పెండ్లామై తినిపిచ్చిన అని హోటలంత వినపడేటట్టు చెప్పుకున్నడు.

సెప్టెంబర్ 15

దవాఖాన. రక్తం పెరిగింది. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసింది. ఏం తినవెట్టినవు, ఏ హోటలు నుంచి తెచ్చినవని అడిగింది. హోటలు కాదమ్మా, బాయిలకెల్లి, భూమి కిందికెల్లి అన్న. పరాచికాలనుకున్నది. ఇంకొన్ని రోజులు గిట్లనే తినవెట్టుమన్నది.

గేటు కాడ నిలవడి దవాఖానకు, డాక్టరమ్మకు, బాయి దిక్కుకు, చౌరస్తా దిక్కుకు దండం పెట్టిన. వాచ్‌మన్ నన్ను వింతగ చూసిండు.

సెప్టెంబర్ 22

కనకవ్వ లేశి వాకిలి ఊడ్చింది. తిట్టిన. మల్ల ఊడ్చింది.

సెప్టెంబర్ 28

రేపు ఆపరేషన్. రక్తం ఇచ్చెటోల్లు కావాలన్నరు. గ్యాంగుకు గ్యాంగే షిఫ్టు దిగి, బొగ్గు మొఖాలతోటే వచ్చి నిలవడ్డది. సిస్టరమ్మ కోపం చేసి కడుక్కొని రమ్మన్నది. రాయమల్లన్న రక్తం, గట్టయ్య రక్తం కలిసింది. ఇగ రాయమల్లన్న కోపం నీకు వస్తదే అని నేనంటే, గట్టయ్యది సుత ఎక్కుతున్నది, కూర మాడుతదేమో చూడు అన్నది కనకవ్వ.

పొద్దూకినంక చెయ్యి పట్టుకున్నది. భయమైతున్నదా అన్న. అవునన్నది. నాకు సుత అన్న.

సెప్టెంబర్ 29

లోపలికి తీసుకపోయిండ్రు.

బయటికి తెచ్చిండ్రు. కండ్లు తెరిచింది. బతికింది. నా కనకవ్వ బతికింది.

అక్టోబర్ 8

ఇంటికి తెచ్చినం. వంగొద్దు, బరువు ఎత్తొద్దు. నేను పప్పుచారు పెట్టుకొని బాయికి పోతున్న. అన్వర్ ఇయ్యాల కబురు తెచ్చిండు. వాళ్లమ్మ చెప్పుమన్నదట, ఈ పప్పు మొగోడు వండిండు, ఉప్పు తగ్గించుమను, ఆమెను అప్పుడే పొయ్యికాడికి రానియ్యొద్దను.

నేను పప్పు తినుడు మరిచి అన్వర్ మొఖం చూసిన. ఆమె సుత అన్వర్ ఇంటికి తెచ్చిన గిన్నె తినేది. కనకవ్వ ఒక్కతే కాదు.

అక్టోబర్ 14

బయట వాడకట్టు ఆడోళ్లు బతుకమ్మ ఆడుతున్నరు. కనకవ్వ గడపల కుర్చేసుకొని చూస్తున్నది. చప్పట్లు మాత్రం కొడుతున్నది.

పొద్దూకుతుంటే అన్వర్ వాళ్లమ్మను తోల్కొని వచ్చిండు. సన్నటి మనిషి, పెద్ద వయసు, నల్ల బుర్ఖా, చేతిల మూత గిన్నె. కుడి మణికట్టుకు గుడ్డ కట్టుంది. అది చూడంగనే కనకవ్వ కుర్చీల నుంచి లేవబోయింది. చెయ్యి ఇంక తగ్గలేదా అమ్మా, అల్లం కోడలు దంచుతలేదా అని అడిగింది. ఎవలని నేను చెప్పనేలేదు.

మెహరాజ్ బేగం గడపలనే నిలవడ్డది. కనకవ్వను కిందికెల్లి మీదికి చూసింది. కోడలు ఇంక రాలే బేటీ, చూస్తున్నం అన్నది. అని దగ్గరికొచ్చి కనకవ్వ గదవ పట్టుకున్నది.

"ఆగస్టుల నీ చారు రావుడు బందైంది. నా దిల్ ఆగలే. ఆ ఇంట్ల ఆమెకు ఏమో అయిందిరా అన్వర్ అన్న. నీ పేరు నాకు మాలూం లేదమ్మా. నమాజ్‌ల పేరు చెప్పి అడగాలె గదా. చింతపండు చారు చేసే బిడ్డను బతికించు అల్లా అని అడిగిన. రోజు గట్లనే అడిగిన."

కనకవ్వ ఏడ్సింది. ఇన్ని నెలల నొప్పికి ఏడ్వని మనిషి, ఆమె నడుము చుట్టు చెయ్యేసి ఏడ్సింది. నేను సుత ఏడ్సిన, అన్వర్ గాడు అటు తిరిగిండు. ఎన్ని పుణ్యాలు చేస్తే ఇసొంటి దువా దొరుకుతది మనిషికి!

తర్వాత ఇద్దరు లోపల చాప మీద కూసున్నరు. ఆమె తెచ్చిన గిన్నె మూత తీసింది. ఖిచిడి, ఖట్టా, పొగలు వస్తున్నయి. వేడిగ ఎన్నడు తినలేదమ్మా నీది, అన్నది కనకవ్వ. నీ చారు సుత నేను వేడిగ తినలే, నువ్వు మంచిగైనంక చెయ్యి, వస్త అన్నది మెహరాజ్ బేగం. ఒక్క పళ్లెంల పోసుకొని తినవట్టిండ్రు. మాట్లాడుడు, తినుడు, నవ్వుడు. సారక్క కారం సంగతి, గట్టయ్యకు పిల్లను చూసే సంగతి, నా నాలుక షోకు సంగతి. నేను, అన్వర్ గడపల కూసొని బతుకమ్మ చూసినం.

జరసేపటికి ఆకలై లోపలికి పోయిన. కనకవ్వ వేళ్లు నాకుకుంట ఖాళీ గిన్నె నా చేతిల పెట్టి, కడిగియ్యి, అమ్మకు ఉత్తగిన్నె ఇయ్యొద్దు, ఇంత చక్కెర పోసియ్యి అన్నది. చూస్తే అడుగున ఒక్క మెతుకు లేదు.